ఏటిగట్టున వకీలుగారి గుడారం

కాకినాడలో శ్రీపతి అనే వకీలు ఉండేవాడు. ఎదుటివాళ్ళ నోటినుంచి తనకు కావలసిన జవాబు రాగానే, ఆ తరవాతి మాట వినే అలవాటు ఆయనకు ఉండేది కాదు.

కోర్టులో ఆ అలవాటే ఆయనకు పేరు తెచ్చింది. ఎదుటి పక్షం సాక్షి బోనెక్కగానే శ్రీపతి నల్లకోటు సర్దుకుని లేచేవాడు. "అవునా, కాదా? అంతవరకే చెప్పు" అనేవాడు. సాక్షి "అవునండి, గాని ఆ రోజు..." అని మొదలుపెట్టేవాడు. "అవునన్నావు. చాలు, దిగు" అనేవాడు శ్రీపతి. ఆ "గాని" వెనక ఏముందో ఎవరికీ తెలిసేది కాదు. "జవాబు ముందే తెలియని ప్రశ్న ఎప్పుడూ అడక్కండి" అని జూనియర్లకు బోధించేవాడు కూడా. కోర్టులో అది పనితనమే, కాదనను. చిక్కేమిటంటే, సాయంత్రం ఇంటికొచ్చి నల్లకోటు కొక్కేనికి తగిలించేవాడు గాని, ఈ అలవాటును మాత్రం ఒంటిమీదే ఉంచుకునేవాడు.

ఒకసారి వంకాయలు కొనడానికి వెళ్ళాడు. "ఇవాళ వచ్చిన కాయలేనా? అవునా, కాదా?" అని అడిగాడు.

"ఇవాళే వచ్చాయండి, గాని..." అంది బండి దగ్గరి ముసలమ్మ.

"గాని లేదు, గీని లేదు. కిలో తూచు."

ఇంటికొచ్చి కోస్తే సగం పుచ్చులే. మర్నాడు భార్య వకుళ వెళ్ళి అడిగింది. "ఇవాళే వచ్చాయమ్మా, గాని కోసి నాలుగు రోజులైంది, చూసి ఏరుకోండి అని చెప్పబోయాను. అయ్యగారు చెప్పనిస్తేగా!" అంది ముసలమ్మ. ఇంతకీ ఆమె అబద్ధమాడిందా? లేదు. శ్రీపతి మోసపోయాడా? పోయాడు. ఎవరూ అబద్ధం ఆడకుండానే మనిషి మోసపోవచ్చని ఆ రోజే తెలుసుకుని ఉంటే ఈ కథే ఉండేది కాదు. ఆయన తెలుసుకోలేదు. వంకాయల మీద విసుక్కుని ఊరుకున్నాడు.

మే నెల వచ్చింది. కోర్టుకు సెలవులిచ్చారు. శ్రీపతికి ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది తన్మయి, ఆరేళ్ళది. చిన్నదానికి మూడేళ్ళు. దాని అసలు పేరు పలకడం దానికే రాదు, అందరూ జున్ను అని పిలిచేవారు. తన్మయి బడిలో ఎవరో అడవిలో గుడారం వేసుకుని పడుకున్నారట. అప్పటినుంచి ఒకటే గొడవ. "నాన్నా, మనం కూడా టెంటులో పడుకుందాం. ఒక్కరోజు. ఒక్కటంటే ఒక్కరోజు."

"సరే, మారేడుమిల్లి వెళ్దాం" అన్నాడు శ్రీపతి.

వకుళ సంతోషించింది. ఆమె పోస్టాఫీసులో పనిచేసేది. రెండు వేసవులుగా ఎక్కడికీ వెళ్ళలేదు. అయితే ఆమె మనసులో ఒక బెంగ ఉండేది. అది జున్ను గురించి. ఆ పిల్లకు నీళ్ళు కనిపిస్తే కాళ్ళు ఆగేవి కావు. ఇంట్లో బకెట్టు నిండితే గౌనుతో సహా అందులో కూర్చునేది. వీధి కుళాయి చప్పుడు వినిపిస్తే గడప దాటేసేది. అలాంటి పిల్లను అడవికి తీసుకెళ్ళడమంటే, ముందు చోటు చూసుకోవాలి కదా.

చోట్లు రెండు దొరికాయి. మొదటిది ఏటిగట్టు క్యాంపు. ఫోటోలో గుడారం తలుపు తీస్తే ఎదురుగా గలగల పారే ఏరు, ఏటి మీద పొగమంచు, మంచులోంచి వంగిన వెదుళ్ళు. రెండోది ఊరి పక్కన ఖాళీ మైదానంలో ఉండేది. సోమిరెడ్డి మాస్టారని ఒక బడిపంతులు నడిపేవాడు. ఆ ఫోటోలో వరసగా ఆరు గుడారాలు, వాటి పక్కనే స్నానాల గదులు, బట్టలారేసే తీగ. అంతే.

"ఈ రెండోది బాగుంది" అంది వకుళ.

శ్రీపతి పకపకా నవ్వాడు. "బట్టలారేసే తీగ చూడడానికి నాలుగు గంటలు కారు తోలాలా? ఆ తీగేదో మన డాబా మీద ఉందిగా. అక్కడే టెంటు వేసేద్దాం."

"ఏరు పక్కన వద్దండీ. జున్ను సంగతి మీకు తెలుసు కదా."

"ఏరు ఉంటే కంచె ఉంటుంది. నీ ముందే అడుగుతాను, నువ్వే విను" అంటూ శ్రీపతి ఫోన్ తీశాడు. అందరికీ వినపడేట్టు పెట్టాడు. గెలిచేటప్పుడు వినేవాళ్ళుండాలి ఆయనకు.

అవతల ఒక ఆడగొంతు పలికింది. ఆమె పేరు రత్తమ్మ. ఆ క్యాంపులో వంటా, ఊడ్పూ, ఫోనూ అన్నీ ఆవిడే. యజమాని ఎక్కడో పట్నంలో ఉండేవాడు.

"ఏటి ఒడ్డున కంచె ఉందా?"

"ఉందండి. గాని బాబుగారూ, అది..."

"ఉందన్నావు. స్నానాల గది ఉందా?"

"ఉందండి, రెండున్నాయి. గానండి..."

"నడిచి వెళ్ళే దూరమేనా? అవునా, కాదా?"

"నడిచేనండి, అందరం నడిచే ఎళ్తాం. గాని ఆ మెట్లు..."

"నడిచి వెళ్ళొచ్చు. ఇదివరకు చిన్నపిల్లలతో ఎవరైనా వచ్చారా?"

"పోయిన నెల వచ్చారండి. గాని ఆళ్ళు..."

"వచ్చారు. చాలమ్మా. శనివారం పదకొండింటికి మేం అక్కడుంటాం."

ఫోన్ పెట్టేసి శ్రీపతి వేళ్ళు ముడిచాడు. "కంచె ఉంది. గదులున్నాయి. నడక దూరం. పిల్లలు వచ్చి వెళ్ళారు. నాలుగుకు నాలుగు. ఇంకేం కావాలి నీకు?"

"ఆవిడ ప్రతి జవాబు చివరా ఏదో చెప్పబోయిందండీ."

"సాక్షులందరూ చెప్పబోతారు. చెప్పబోయింది రికార్డులోకి రాదు."

"ఒకసారి ఫోన్ ఇటివ్వండి. నేను మాట్లాడతాను."

"అంటే నాకు అడగడం చేతకాలేదనా? అవునా, కాదా?"

వకుళ ఊరుకుంది. ఆమె ఒప్పుకుందనుకున్నాడు శ్రీపతి. ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. అవతలి మనిషి మాట్లాడడం మానేస్తే మన వాదన నెగ్గినట్టు కాదు. ఆ మనిషి మన మీద ఆశ వదులుకున్నట్టు.

శనివారం పొద్దున్నే ఏడింటికి బయల్దేరారు. రంపచోడవరం దాటాక కొండదారి మొదలైంది. మలుపుల్లో తన్మయికి కడుపులో తిప్పి రెండుసార్లు వాంతి చేసుకుంది. పదకొండింటికి ఏటిగట్టుకు చేరారు. నిజం చెప్పాలంటే, ఆ చోటు ఫోటోకంటే అందంగా ఉంది. ఏరు చల్లగా మాట్లాడుతున్నట్టు పారుతోంది. వెదుళ్ళ నీడ నేలమీద కదులుతోంది. వాంతుల పిల్ల కూడా కళ్ళు తుడుచుకుని "అబ్బ!" అంది.

"ఊ, ఏమంటావు?" అన్నాడు శ్రీపతి భార్యతో.

వకుళ చుట్టూ చూసింది. కంచె ఉంది. నిలువు గుంజలకు అడ్డంగా రెండు వెదురు బొంగులు కట్టారు, ఒకటి మోకాలెత్తున, ఇంకొకటి ఛాతీయెత్తున. రెండింటి మధ్యనుంచి జున్ను సులువుగా దూరిపోగలదు. స్నానాల గదులూ ఉన్నాయి. కొండవాలులో రాళ్ళు పేర్చి కట్టిన నలభైరెండు మెట్ల పైన ఉన్నాయి. నీళ్ళ కుళాయి కూడా అక్కడే.

"ఇది కంచెటండీ?" అంది వకుళ మెల్లిగా.

"కంచె ఉందా, లేదా?"

"ఉంది."

"మరి?"

వకుళ వాంతి అంటిన బట్టల మూట చంకన పెట్టుకుంది. "పైకి వెళ్ళి ఇవి తడిపేసి వస్తాను. పిల్లల మీద చూపు ఉంచండి. ముఖ్యంగా చిన్నదాని మీద" అని చెప్పి మెట్లెక్కింది.

ఈలోగా రత్తమ్మ "భోజనం ఒంటిగంటకండి" అంటూ వంటపాక దగ్గరనుంచి వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి. చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టుకుని ఉంది. జున్నును చూసింది. ఏటిని చూసింది. లోపలికి వెళ్ళి, పీటా, కత్తిపీటా, ఒక పళ్ళెం నిండా బీరకాయలూ తెచ్చుకుంది. కంచె అవతల, నీళ్ళకూ కంచెకూ మధ్య పీట వేసుకుని కూర్చుంది. బీరకాయ చెక్కు తీస్తూ మధ్యమధ్య తలెత్తి చూస్తోంది. జున్ను రెండుసార్లు కంచె దాకా పరుగెత్తింది. రెండుసార్లూ రత్తమ్మ "ఎవరమ్మా అది, మా ఏటికి దొంగా?" అని కళ్ళు పెద్దవి చేసింది. పిల్ల కిలకిలా నవ్వుతూ వెనక్కి పరుగెత్తింది.

శ్రీపతి ఇదంతా చూశాడు. ఏమీ గమనించలేదు. ఆయన పడకకుర్చీలో కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు.

వకుళ దిగి వచ్చి, జున్నును ఎత్తుకుని రెండుసార్లు మెట్లెక్కి దిగింది, ఆరిన బట్టలు తేవడానికి మళ్ళీ ఒక్కతే పైకి వెళ్ళింది. ఒంటిగంట దాటింది. ఆకలేసింది. వంటపాకలోకి తొంగిచూస్తే పొయ్యి చల్లగా ఉంది. ఆయనకు చిర్రెత్తుకొచ్చింది. నేరుగా రత్తమ్మ దగ్గరికి నడిచాడు.

"భోజనం ఒంటిగంటకన్నావు. అన్నావా, లేదా?"

"అన్నానండి. గాని పాప ఇక్కడ..."

"అన్నావు. ఇప్పుడు టైమెంత?"

"నాకు గడియారం లేదండి."

"ఒకటీ ఇరవై. పొయ్యి వెలిగిందా?"

"లేదండి."

"నువ్విక్కడ కూర్చుంటే వెలుగుతుందా?"

"ఎలగదండి."

"మరి?"

రత్తమ్మ ఒకసారి ఏటి వైపు చూసింది. ఒకసారి ఆయన వైపు చూసింది. "పాపని మీరు సూసుకుంటారా మరి?" అని అడిగింది.

"నా పిల్లను నేను చూసుకోనా? అదేం ప్రశ్న?"

రత్తమ్మ పీటా, పళ్ళెమూ తీసుకుని లేచి వంటపాకలోకి వెళ్ళింది. శ్రీపతి ఇంకో వాదన గెలిచాడు.

గెలిచినవాడు అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఆయన రత్తమ్మ వెనకే వంటపాకలోకి వెళ్ళాడు. బొంగులో చికెన్ సంగతి గుర్తుకొచ్చింది. మారేడుమిల్లి వచ్చి అది తినకుండా ఎవరైనా వెళ్తారా?

"బొంగులో చికెన్ చేస్తావా?"

"చేత్తానండి. గాని బొంగు పచ్చిది కొట్టుకురావాలి, నిప్పులు పడాలి, గంటన్నర..."

"చేస్తానన్నావు. మరి ఇంతసేపూ ఎందుకు చెయ్యలేదు?"

ఈ లెక్కన ప్రశ్నలు సాగాయి. ఆయన వీపు ఏటి వైపు ఉంది. ఎంతసేపు? మహా అయితే అయిదు నిమిషాలు. ఏటి పక్కన అయిదు నిమిషాలంటే చాలా ఎక్కువ.

వంటపాక గుమ్మంలో తన్మయి నిలబడింది. "నాన్నా" అంది.

"ఆగమ్మా. పెద్దవాళ్ళు మాట్లాడుతున్నారు."

"నాన్నా, జున్ను..."

శ్రీపతి తల తిప్పాడు. అలవాటు ప్రకారమే అడిగాడు. "జున్ను కంచె లోపలే ఉందా? అవునా, కాదా?"

"ఇందాక ఉంది నాన్నా, గాని..."

"ఉందిగా. వెళ్ళి ఆడుకో."

తన్మయి ఆ ఇంట్లో ఆరేళ్ళు పెరిగిన పిల్ల. నాన్న "చాలు" అన్నట్టు చెయ్యి ఊపితే ఇంక మాట్లాడకూడదని దానికి తెలుసు. పెదవి కొరుక్కుంది. వెనక్కి తిరిగింది.

రత్తమ్మ చేతిలోని గరిటె కింద పెట్టింది. "బొంగు సంగతి తేల్చు" అంటున్నాడు శ్రీపతి.

"మీరాగండి బాబుగారూ!" అంది రత్తమ్మ.

 ఆయన మాటకు అడ్డొచ్చినవాళ్ళు ఆ జిల్లాలోనే తక్కువ. రత్తమ్మ ఆయన్ని దాటుకుని వెళ్ళి తన్మయి ముందు గొంతుక్కూర్చుంది. "గాని ఏటమ్మా? చెప్పు తల్లీ, నేనింటాను."

"చెల్లి కర్రల మధ్యలోంచి వెళ్ళిపోయింది. నీళ్ళ దగ్గర రాయెక్కింది. పిలిస్తే రావట్లేదు" అంది తన్మయి. అప్పుడు గాని దానికి ఏడుపు రాలేదు.

రత్తమ్మా, శ్రీపతీ పరుగెత్తారు.

ఒడ్డుకు రెండు బారల దూరంలో, చీలమండ లోతు నీళ్ళలో ఒక నల్లని బండరాయి. దాని మీద జున్ను నిలబడి ఉంది. గుప్పిట్లో ఆకులున్నాయి. ఒక్కొక్క ఆకూ అవతలి వైపు నీళ్ళలోకి వదిలి, అది తిరుగుతూ పోతుంటే చూస్తోంది. అవతలి వైపు నీళ్ళు నల్లగా, చప్పుడు లేకుండా ఉన్నాయి. అది మడుగు.

శ్రీపతి గుండెల నిండా గాలి పీల్చాడు. కోర్టు హాలు దద్దరిల్లే గొంతు ఆయనది. "జున్నూ!" అని అరవబోయాడు. రత్తమ్మ ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అరవకండి. అరిత్తే గబుక్కున తిరుగుద్ది. ఆ రాయి పాచి పట్టి ఉంది. అవతల నిలువులోతు."

ఆయనకు జీవితమంతా అన్నం పెట్టింది ఆ గొంతే. ఇప్పుడు అది పైకి లేస్తే పిల్ల పోతుంది. శ్రీపతి అరుపును మింగాడు. గుసగుసగా ఒక ప్రశ్న అడిగాడు. జవాబు ముందే తెలియని ప్రశ్న.

"నన్నేం చెయ్యమంటావు?"

"ఇక్కడే కూకోండి. చేతులు చాపి ఉంచండి. పలక్కండి."

శ్రీపతి తడి ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చేతులు చాపాడు. పలకలేదు. రత్తమ్మ నాలుగడుగులు దిగువకు వెళ్ళి, చప్పుడు చెయ్యకుండా నీళ్ళలోకి దిగింది. మోకాళ్ళు, నడుము, ఛాతీ. రాయికీ మడుగుకూ మధ్యకు వచ్చి నిలబడింది. అప్పుడు, ఇంట్లో అరుగు మీద కూర్చున్నంత తీరిగ్గా అంది. "ఏం బంగారం, ఆకులన్నీ నీకేనా? నాకోటి ఇవ్వవా?"

జున్ను ఆమెను చూసి నవ్వింది. ఆకు ఇద్దామని వంగింది. కాలు జర్రున జారింది. పిల్ల సూటిగా రత్తమ్మ చేతుల్లో పడింది. రత్తమ్మ రాయి చుట్టూ తిరిగి వచ్చి, శ్రీపతి చాపిన చేతుల్లో పిల్లను పెట్టింది. పిల్ల గౌను తడిసింది. అంతే. ఆకులు పోయాయని మాత్రం గుక్కపట్టి ఏడ్చింది.

జున్ను ఏడుపు విని వకుళ మెట్లు దిగి వచ్చేసరికి శ్రీపతి ఇంకా ఇసుకలోనే కూర్చుని ఉన్నాడు. జున్ను ఆయన చొక్కా గుండీ కొరుకుతోంది. వకుళ తడి గౌను చూసింది. ఏటిని చూసింది.  అక్కడే కూలబడింది.

"కాలు జారింది వకుళా. రత్తమ్మగారు పట్టుకున్నారు. ఆవిడ మనం వచ్చినప్పటినుంచీ కాపలా కూర్చుంది, జున్ను కోసమే. అన్నం ఆలస్యమైందని నేనే ఆవిణ్ణి అక్కణ్ణుంచి లేపాను. తన్మయి వచ్చి చెప్పబోతే నేనే నోరు మూయించాను" అన్నాడు శ్రీపతి. ఒక్క మాట కూడా తన పక్షాన చెప్పుకోలేదు.

వకుళ పెద్దపిల్లను దగ్గరికి తీసుకుని తల నిమిరింది. ఆ తరవాత "ముందు దానికి పొడిబట్టలు వెయ్యాలి" అంది. గొంతులో కోపం ఉంది. ఉండకూడదా మరి?

అన్నాలు తిన్నాక శ్రీపతి వంటపాక గుమ్మం దగ్గర నేలమీద చతికిలపడ్డాడు. "రత్తమ్మగారూ, ఫోన్‌లో మీరేదో చెప్పబోయారు. నేను చెప్పనివ్వలేదు. ఇప్పుడు చెప్పండి. మధ్యలో రాను."

రత్తమ్మ తడి జుట్టు విదిలించుకుంటూ నవ్వింది. "ఏది ముందు చెప్పమంటారండీ? చాలా ఉన్నాయి."

"మీ ఇష్టం వచ్చిన చోట మొదలుపెట్టండి."

"కంచె ఉందండి. గాని అది పశువుల కోసం కట్టింది. పశువు ఆగుద్ది, పిల్ల ఆగదు. గదులున్నాయండి. గాని నలభైరెండు మెట్లు. ఈ అమ్మగారు వచ్చినప్పటినుంచీ చంటిదాన్నెత్తుకుని ఎన్నిసార్లు ఎక్కిందో మీరు చూళ్ళేదు, నేను చూశాను. పోయిన నెల పిల్లలతో వచ్చారండి. గాని ఆళ్ళు గంట కూడా ఉండలేదు, కంచె చూసి అలాగే కారెక్కి ఎళ్ళిపోయారు. చోటు చెడ్డదని కాదు బాబుగారూ. ఈతొచ్చిన పిల్లలకి ఇది స్వర్గమే. మీ చిన్నదాని ఈడుకి మాత్రం కాదు. మా మనవరాలికి నాలుగేళ్ళండి. దాన్ని నేనెప్పుడూ ఇక్కడికి తీసుకురాను."

"ఈ ముక్కలు చెబితే మేం రామని తెలుసుగా. మీ యజమాని ఏమీ అనడా?"

"అంటాడండి. అననీండి. పిల్ల మునిగితే మాత్రం ఎవరూ ఏమీ అనక్కర్లేదు, నన్ను నేనే అనుకోవాలి" అంది రత్తమ్మ.

శ్రీపతి ఆ మాటకు తల దించుకున్నాడు. అడిగేవాడికి నాలుగు సంగతులు దొరికే చోట, తను నాలుగు "అవును"లు మూట కట్టుకుని గొప్పగా ఇంటికి తెచ్చాడు.

మూడింటికి సామాను కారులో పెట్టారు. రోడ్డు మీదికి వచ్చాక శ్రీపతి కారు పక్కకు ఆపి సోమిరెడ్డి మాస్టారికి ఫోన్ చేశాడు. "మాస్టారూ, మూడేళ్ళ పిల్లా, ఆరేళ్ళ పిల్లా ఉన్నారండి. మీ దగ్గరికి వస్తే మాకేమేం ఇబ్బందులుంటాయో చెప్పండి" అన్నాడు. ఆ తరవాత నోరు మూసుకున్నాడు.

మాస్టారు పాఠం చెప్పేవాడు కదా, మొదలుపెట్టాడు. ఒకచోట శ్రీపతి పెదవులు కదిలాయి. వకుళ చూసింది. ఆయన పెదవులు బిగించి, కారు స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. ఎనిమిది నిమిషాల తరవాత "అలాగేనండి, వస్తున్నాం" అని ఫోన్ పెట్టేశాడు.

"ఏమన్నారు?" అని అడిగింది వకుళ.

"మధ్యాహ్నం నీడ ఉండదట. నాలుగు దాటాక వెళ్తే మంచిదట. నీళ్ళు పొద్దునా, సాయంత్రమూ మాత్రమే వస్తాయట, పట్టి ఉంచుకోవాలి. తూర్పు వైపు గుడారాల దగ్గర ఎర్రచీమలట, మనల్ని పడమటి వైపు తీసుకోమన్నాడు. వేకువన కోడి అరిచి అందర్నీ లేపేస్తుందట. పక్కనే బడి ఉంది, పిల్లలు ఆడుకోవడానికి ఇసుక ఉంది. చెరువు లేదు, ఏరు లేదు, బావికి పైన ఇనప మూత ఉంది, తాళం ఆయన దగ్గరే ఉంటుందట."

"ఇన్ని లోపాలు చెప్పాడా?"

"చెప్పాడు. అందుకే వెళ్దామంటున్నాను" అన్నాడు శ్రీపతి.

ఆ మైదానం అందంగా ఏమీ లేదు. ఫోటో తీసినా ఎవరికీ చూపించాలనిపించదు. అయితే వకుళ అక్కడ కుర్చీ వేసుకుని కూర్చుని, ఆ రోజు మొదటిసారి కాళ్ళు చాపుకుంది. జున్ను ఇసుకలో దొర్లింది. చీమలున్నాయని తెలుసు కాబట్టి చీమల వైపు పోనివ్వలేదు. నీళ్ళు ఆగిపోతాయని తెలుసు కాబట్టి రెండు బిందెలు పట్టి ఉంచారు.

ఎండ చల్లబడ్డాక శ్రీపతి మాస్టారితో ఏదో మాట్లాడుతున్నాడు. తన్మయి వచ్చి "నాన్నా" అంది. శ్రీపతి మాట ఆపి, "ఒక్క నిమిషం మాస్టారూ" అన్నాడు. కిందికి వంగి, "చెప్పమ్మా" అన్నాడు.

తన్మయి అనుమానంగా ఆయన ముఖం చూసింది. తరవాత చెప్పడం మొదలుపెట్టింది. అక్కడొక గోధుమరంగు కోడి ఉందట. దానికి ఒక కాలు తెల్లగా ఉందట. అది ఇటు వెళ్ళిందట, గాని మళ్ళీ అటు వెళ్ళిందట. జున్ను దానికి బిస్కెట్టు పెట్టిందట, గాని అది తినలేదట, గాని ఇంకో కోడి వచ్చి తినేసిందట, అది మంచి కోడి కాదట. ఆ కథకు మొదలూ లేదు, తుదీ లేదు. పావుగంట సాగింది. అందులో పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. శ్రీపతి చివరిదాకా విన్నాడు. తన్మయి మాట్లాడి మాట్లాడి ఆగి, "అంతే నాన్నా" అంది. "అంతేనా? ఇంకేమైనా ఉందా?" అని అడిగాడు. "ఇంకా ఉంది" అని పిల్ల ఆయన ఒళ్ళో ఎక్కి కూర్చుంది.

కావలసిన జవాబు చేతికి రాగానే చెవులు మూసుకునేవాడు ప్రతి వాదనా గెలుస్తాడు గాని నిజాన్ని పోగొట్టుకుంటాడు. పసిపిల్లల మేలు కోరేవాళ్ళు నెగ్గడానికి కాదు, తెలుసుకోవడానికి అడగాలి, చెప్పేవాళ్ళ మాట చివరిదాకా వినాలి.